అమ్మ భాష పుస్తకాలకు డబ్బెక్కడి నుంచి వచ్చింది?



పొదుపు సంఘంలో మీరు నెలనెలా డబ్బు కడతారు. ఆ డబ్బు మీదే. అవసరం పడితే అప్పు తీసుకుంటారు. వడ్డీ వస్తే సంఘానికే చేరుతుంది. ఈ లెక్క మీకు బాగా తెలుసు.

ఇంకో రకం సంఘాలు ఉన్నాయి. వాటికి ఇచ్చిన డబ్బు తిరిగి రాదు. అప్పు పుట్టదు. వడ్డీ లేదు. అయినా జనం ఇస్తారు. ఎందుకిస్తారు? తమ భాష, తమ పాటలు, తమ పెద్దల పుస్తకాలు మట్టిలో కలిసిపోకూడదని ఇస్తారు. అలాంటి సంఘం ఎట్లా బతుకుతుంది? మొదటి ఏడాది ఉత్సాహం మీద నడుస్తుంది. పదో ఏడాది కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఇరవయ్యో ఏడాది ఇంటి కప్పు కారితే ఎవరు బాగు చేయిస్తారు?

అమెరికాలో అలాంటి సంఘం ఒకటి ఉంది. దాని పేరు యిడ్డిష్ బుక్ సెంటర్. 1980లో మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది. ఆ సంఘం డబ్బు కథ చెప్పుకుందాం. ముందు యిడ్డిష్ అంటే ఏమిటో తెలియాలి.

అమ్మ భాష

యూదులు అనే జనం ఉన్నారు. పోలండ్, రష్యా, ఉక్రెయిన్, లిథువేనియా లాంటి దేశాల్లో వాళ్ళు వందల ఏళ్ళు బతికారు. ఇంట్లో, బజారులో వాళ్ళు మాట్లాడుకునే భాష యిడ్డిష్. అది సుమారు వెయ్యేళ్ళ నాటి భాష. మాట జర్మన్ భాషకు దగ్గరగా ఉంటుంది. అక్షరాలు మాత్రం హీబ్రూ అక్షరాలు. ఉర్దూ లాగా కుడి నుంచి ఎడమకు రాస్తారు.

వాళ్ళ ప్రార్థనలు, శాస్త్రాలు హీబ్రూ భాషలో ఉండేవి. ఆ చదువు మగపిల్లలకే. ఆడపిల్లల్లో ఎక్కువ మందికి అది అందలేదు. అందుకని ఆడవాళ్ళ కోసం యిడ్డిష్‌లో పుస్తకాలు వేశారు. సుమారు 400 ఏళ్ళ కిందటే అట్లాంటి పుస్తకం ఒకటి వచ్చింది. పురాణ కథలన్నీ అందులో తేలిక మాటల్లో ఉండేవి. శనివారం వాళ్ళకు సెలవు. ఆ రోజు ఆడవాళ్ళు దాన్ని చదువుకునేవాళ్ళు. యిడ్డిష్‌కు 'మామె లోషన్' అని ముద్దుపేరు. అంటే అమ్మ భాష.

తరవాత కథలు, నవలలు, నాటకాలు, దినపత్రికలు, వంటల పుస్తకాలు కూడా ఈ భాషలో వచ్చాయి. 1978లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందిన ఐజాక్ బాషెవిస్ సింగర్ యిడ్డిష్ రచయితే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సుమారు 1 కోటి 10 లక్షల మంది యిడ్డిష్ మాట్లాడేవాళ్ళు. ఆ యుద్ధకాలంలో హిట్లర్ ప్రభుత్వం, దానికి తోడైనవాళ్ళు కలిసి సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. వాళ్ళలో ఎక్కువ మంది భాష ఇదే. రష్యాలో స్టాలిన్ కాలంలో యిడ్డిష్ రచయితలను జైల్లో పెట్టారు. 1952 ఆగస్టు 12న కొందరిని కాల్చి చంపారు.

అంతకు ముందే చాలా మంది అమెరికాకు వలస పోయారు. పెట్టెల్లో పుస్తకాలు కూడా పట్టుకుపోయారు. అక్కడ కూడా యిడ్డిష్ అచ్చుశాలలు పెట్టారు. అయితే వాళ్ళ పిల్లలు ఇంగ్లీషు బడికి పోయారు. మనవలకు తాత మాట కొంచెం అర్థమయ్యేది, తాత పుస్తకం మాత్రం అర్థం కాలేదు. తాత పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పుస్తకాలను ఏం చేయాలో తెలియక చెత్తకుండీలో వేశారు. పుస్తకమంటే ఇష్టం లేక కాదు, చదవడం రాక. ఆ బాధ ఎట్లాంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

(బ్రూక్లిన్ లాంటి చోట్ల హసిడిక్ అనే శాఖ యూదులు ఇప్పటికీ ఇంట్లో యిడ్డిషే మాట్లాడతారు. కాబట్టి భాష చచ్చిపోలేదు. కథలు, నవలల పుస్తకాలకే దిక్కు లేకుండా పోయింది.)

24 ఏళ్ళ కుర్రవాడు

ఆరన్ లాన్‌స్కీ అనే కుర్రవాడు యిడ్డిష్ చదువుకుంటున్నాడు. చదవడానికి పుస్తకాలు దొరకలేదు. ముసలివాళ్ళ ఇళ్ళల్లో ఉన్నాయని తెలిసి వెళ్ళి అడిగాడు. వాళ్ళు సంతోషంగా ఇచ్చారు. 1980లో, 24 ఏళ్ళ వయసులో, చదువు పక్కన పెట్టి పుస్తకాలు పోగు చేసే సంఘం మొదలుపెట్టాడు.

దేశం మొత్తం మీద 70,000 యిడ్డిష్ పుస్తకాలు దొరికితే గొప్ప అని పండితులు అనుకున్నారు. ఆరు నెలల్లోనే అన్ని దొరికాయి. ఆ తరవాత కూడా వస్తూనే ఉన్నాయి. చివరికి పది లక్షలు దాటాయి!

వినడానికి బాగుంది కదా? ఇప్పుడు పలక తీసుకుని లెక్క వేద్దాం. ఒక పుస్తకం అర కిలో అనుకోండి. 70,000 పుస్తకాలు 35,000 కిలోలు, అంటే 35 టన్నులు. పది లక్షల పుస్తకాలు 5,00,000 కిలోలు, అంటే 500 టన్నులు. లారీకి 10 టన్నుల చొప్పున ఎత్తితే 50 లారీలు కావాలి. 70,000కని అంచనా వేసుకున్న సంఘానికి నాలుగు లారీలు చాలు. అంచనా పదింతలు తప్పితే ఖర్చు కూడా ఆ దారినే పోతుంది. పని బాగా సాగినకొద్దీ ఖర్చు పెరిగిపోయింది.

పుస్తకాలు ఊరికే వచ్చాయి. వాటికి ధర కట్టక్కరలేదు. అయినా ఊరికే వచ్చింది ఊరికే ఉండదు. బండి అద్దె, పెట్రోలు, గోదాము అద్దె, బల్లలు, అరలు, వాన తగలకుండా కప్పు, నిప్పు అంటుకోకుండా జాగ్రత్త, దుమ్ము తుడిచే మనిషి, ఏ పుస్తకం ఎక్కడుందో రాసుకునే మనిషి. ఇవన్నీ డబ్బుతో పనులు. ఎవరైనా మీకు ఆవును ఊరికే ఇస్తే గడ్డి ఎవరు వేస్తారు? అదీ సంగతి.

ఒకసారి న్యూయార్కులో వేలాది పుస్తకాలు పెద్ద చెత్తకుండీలో పడేశారని కబురొచ్చింది. వాన వచ్చేట్టుంది. లాన్‌స్కీ, అతని స్నేహితులు లారీ అద్దెకు తెచ్చుకుని, రాత్రిపూట తడుస్తూ పుస్తకాలు ఎత్తిపోశారు. అప్పటికి సంఘం దగ్గర చెప్పుకోదగ్గ డబ్బు లేదు. అట్లాంటి రాత్రికి ముందుగా తీర్మానం రాసి, చందాలు పోగుచేసి బయలుదేరడం కుదరదు. అందుకే ఏ సంఘమైనా ఆపదకు కొంచెం డబ్బు విడిగా ఉంచుకోవాలంటారు.

ఇంకో ఖర్చు ఉంది. అది ఏ పద్దులోనూ కనపడదు. ముసలివాళ్ళు పుస్తకాల పెట్టె చేతికిచ్చి పంపేసేవాళ్ళు కాదు. ముందు కూర్చోబెట్టి తిండి పెట్టేవాళ్ళు. తరవాత ఒక్కొక్క పుస్తకం చేతిలోకి తీసుకుని, ఇది పెళ్ళయిన ఏడాది కొన్నాను, ఇది ఓడలో తెచ్చుకున్నాను అని చెప్పి ఇచ్చేవాళ్ళు. ఒక్క ఇంటికి పూట పట్టేది. కూలి లెక్కన చూస్తే దండగ. నన్నడిగితే, ఆ సంఘం పెట్టిన పెట్టుబడిలో అన్నిటికన్నా లాభం తెచ్చింది ఆ పూటలే. మాట విన్నవాళ్ళను జనం నమ్మారు. నమ్మినవాళ్ళు చందా కట్టారు, పక్కింటివాళ్ళకు కూడా చెప్పారు.

ఊళ్ళలో కొందరు జీతం లేకుండా పుస్తకాలు పోగుచేసి పంపేవాళ్ళు. వాళ్ళను 'జామ్లర్లు' అంటారు. అంటే పోగుచేసేవాళ్ళు. వాళ్ళలో చాలా మంది పెద్దవయసు వాళ్ళే. వాళ్ళ పనికి జీతం కట్టాల్సి వస్తే సంఘం మొదటి ఏడాదే మూతపడేది.

చిన్న చందా, పెద్ద విరాళం

సంఘానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటిది సభ్యుల చందా. ఏటా కట్టే చిన్న మొత్తం. ఒక్క ధనవంతుడిని పట్టుకుంటే సరిపోదా, వేల మంది దగ్గర చిల్లర ఎందుకు అని అనిపించవచ్చు. లెక్క చూడండి.

ఒక సంఘానికి ఒకే దాత ఏటా 1,00,000 రూపాయలు ఇస్తాడనుకోండి. ఇంకో సంఘానికి 1,000 మంది సభ్యులు తలా 100 రూపాయలు కడతారనుకోండి. రెండూ లక్షే. మరుసటి ఏడాది దాతకు కోపం వచ్చింది. మొదటి సంఘానికి సున్నా. రెండో సంఘంలో 50 మంది మానేశారు. అయినా 95,000 వచ్చింది. సంఘం నిలిచింది.

అయితే చందాకు కూడా ఖర్చు ఉంది. 1,000 మందికి ఉత్తరాలు రాయాలి. రసీదులు పంపాలి. కట్టనివాళ్ళకు గుర్తు చేయాలి. మనిషికి 20 రూపాయలు ఖర్చయితే 20,000 పోయినట్టే. చేతికి మిగిలేది 80,000. వచ్చిందంతా మిగిలిందని రాసుకునే సంఘాలు ఏడాది చివర తల పట్టుకుంటాయి.

ఈ సంఘానికి ఇంకో చిక్కు. మొదటి సభ్యుల్లో చాలా మంది ముసలివాళ్ళు. యిడ్డిష్ వాళ్ళకు అమ్మ భాష. ఏటా కొందరు కన్నుమూస్తారు. వాళ్ళతోపాటు చందా కూడా పోతుంది. పిల్లలకు, మనవలకు భాష రాదు. రాని భాష కోసం వాళ్ళెందుకు కడతారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకకపోతే పుస్తకాలన్నీ ఉండి కూడా సంఘం ఉండదు. తరవాత ఆ సంఘం చేసిన పనులను ఈ ప్రశ్న దగ్గర నిలబడి చూడండి. భాష నేర్పే తరగతులు, ఇంగ్లీషు అనువాదాలు, పత్రిక, పెద్దవాళ్ళ మాటలను రికార్డు చేయడం. ఇవన్నీ భాష రానివాళ్ళను కూడా లోపలికి పిలిచే పనులే.

ఒకే పుస్తకం పది ప్రతులు వచ్చినప్పుడు మిగిలినవి గ్రంథాలయాలకు, చదువుకునేవాళ్ళకు ఇచ్చారు, అమ్మారు. వందలాది గ్రంథాలయాలకు ఆ పుస్తకాలు చేరాయి. దానివల్ల గోదాములో చోటు మిగిలింది, కొంత డబ్బు వచ్చింది. అయితే అలాంటి అమ్మకంతో ఇల్లు గడవదు.

ఎవరి డబ్బు, దేనికి డబ్బు

1989లో లాన్‌స్కీకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. అది అమెరికాలో పేరున్న గౌరవం. ఐదేళ్ళ పాటు డబ్బు ఇస్తారు. దేనికి ఖర్చు పెట్టావని అడగరు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ డబ్బు మనిషికి ఇచ్చింది. సంఘానికి కాదు. సంఘం నడిపే మనిషి జేబు వేరు, సంఘం పెట్టె వేరు. ఎంత మంచి మనిషైనా ఈ రెండూ కలిపితే గొడవ వస్తుంది. ఇది నేను మీకు నేర్పేదేమీ కాదు. రెండు తాళాలు పెట్టిన పెట్టె, ముగ్గురి సంతకాలు మీకు అలవాటే.

సాధారణంగా పెద్ద డబ్బు షరతుతో వస్తుంది. ఇంటి కోసం ఇచ్చింది ఇంటికే పెట్టాలి. పుస్తకాల కోసం ఇచ్చింది పుస్తకాలకే. ఇంటి పద్దులో పది లక్షలు ఉన్నా, జీతాల పద్దులో పైసా లేకపోవచ్చు. బయటివాళ్ళు చూసి, మీకు లక్షలున్నాయి, మళ్ళీ చందా ఎందుకంటారు. వాళ్ళకు వివరంగా చెప్పే ఓపిక కార్యదర్శికి ఉండాలి.

ఇంకో విచిత్రం. ఇల్లు కట్టడానికి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. ఊడ్చే మనిషి జీతానికి ఇచ్చేవాళ్ళు దొరకరు. గోడ మీద పేరు రాస్తారు. చీపురు మీద రాయరు కదా! మన గుళ్ళలో చూడండి. ట్యూబులైటు ఇచ్చినవాళ్ళ పేరు లైటు మీదే రాయిస్తారు. పేరు పెద్దదైతే వెలుగు తగ్గుతుంది. కరెంటు బిల్లు ఎవరూ తమ పేరున కడతామనరు.

1997లో సంఘం సొంత ఇల్లు కట్టుకుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్‌హెర్స్ట్ అనే ఊరు. అక్కడ లాన్‌స్కీ చదివిన హాంప్‌షైర్ కాలేజీ పక్కన ఆపిల్ తోటలో కట్టారు. పాతకాలపు తూర్పు యూరప్ పల్లెల్లోని కొయ్య ఇళ్ళను తలపించేట్టు కప్పులు వేశారు. పదిహేడేళ్ళు అద్దె చోట్లలో పడి ఉన్న పుస్తకాలకు ఒక ఇల్లు దొరికింది.

అద్దె బాధ తప్పింది. మరి ఖర్చు తప్పిందా? తప్పలేదు. ఇల్లు ఉంటే చలికాలంలో వెచ్చదనం కావాలి. పుస్తకాలకు చెమ్మ తగలకూడదు. కప్పుకు, గోడలకు మరమ్మతు కావాలి. కొత్త ఇంటికి మరమ్మతు ఖర్చు మొదటి పదేళ్ళు కనపడదు. పాతబడ్డాక ఒక్కసారి మీద పడుతుంది.

దీనికే కొన్ని సంఘాలు మూలనిధి పెడతాయి. మూలనిధి అంటే ముట్టుకోని డబ్బు. ఉదాహరణకు ఒక సంఘం దగ్గర 10,00,000 రూపాయల మూలనిధి ఉందనుకోండి. ఏడాదికి 80,000 రాబడి వచ్చింది. మొత్తం ఖర్చు పెట్టరు. 50,000 వాడుకుని, 30,000 అసలులో కలుపుతారు. ఎందుకు? ధరలు పెరుగుతాయి. ఈ ఏడు 50,000తో జరిగిన పని పదేళ్ళ తరవాత జరగదు. అసలు కూడా పెరుగుతుండాలి. విత్తనాల గాదెలో చెయ్యి పెట్టకూడదని రైతు ఇంట్లో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. మూలనిధి కూడా అంతే.

కాగితం పొడి అవుతోంది

యిడ్డిష్ పుస్తకాల్లో చాలా వాటిని చవక కాగితం మీద అచ్చు వేశారు. చెక్క గుజ్జుతో చేసిన కాగితం. అందులో ఆమ్లం ఉంటుంది. ఏళ్ళు గడిస్తే పసుపు రంగుకు తిరిగి, చేత్తో తిప్పితే అప్పడంలా విరుగుతుంది. చెత్తకుండీ నుంచి తప్పించినా కాలం నుంచి తప్పించలేదు.

అందుకని 1990ల చివర్లో పుస్తకాల పేజీలన్నీ కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. దీనికి డబ్బు సాయం చేసినవాళ్ళలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ స్థాపించిన సంస్థ ముఖ్యమైనది. జురాసిక్ పార్క్ సినిమా తీసినాయనే. యూదుల మారణకాండ మీద తీసిన షిండ్లర్స్ లిస్ట్ సినిమా రాబడితో ఆయన ఆ సంస్థ పెట్టాడు. కంప్యూటరు గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టారు.

మొదట్లో కావలసినవాళ్ళు డబ్బు కడితే ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేసి పంపేవాళ్ళు. 2009లో వేలాది పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశారు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడి నుంచైనా పైసా లేకుండా చదువుకోవచ్చు.

అమ్ముకోగలిగింది ఊరికే ఇవ్వడం తెలివేనా? వ్యాపారానికైతే కాదు. ఈ సంఘం పుట్టింది పుస్తకాలు చదవబడాలని. ధర పెడితే కొద్దిమందే చదువుతారు, వచ్చే డబ్బు కూడా కొద్దే. ఊరికే ఇస్తే దూర దేశంలో ఉన్న పిల్ల కూడా చదువుతుంది. ఆమెకు నచ్చితే రేపు సభ్యురాలు కావచ్చు. ముసలి సభ్యులు తగ్గిపోతున్న సంఘానికి అది చిన్న ఆశ కాదు. నాకైతే ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది.

పద్దు అందరూ చూడవచ్చు

అమెరికాలో ఇలాంటి సంఘాలకు ఒక చట్టం ఉంది. సంఘానికి యజమాని ఉండడు. మిగులు వచ్చినా ఎవరూ పంచుకోకూడదు. అది మళ్ళీ సంఘం పనికే పోవాలి. ఆదాయపు పన్ను ఉండదు. విరాళం ఇచ్చినవాళ్ళు తమ పన్ను లెక్కలో దాన్ని చూపించుకోవచ్చు. ఈ సౌకర్యానికి బదులుగా సంఘం ఏటా ఒక లెక్కల పత్రం ప్రభుత్వానికి ఇవ్వాలి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, పెద్ద ఉద్యోగుల జీతం ఎంత, అన్నీ అందులో ఉంటాయి. దారిన పోయేవాళ్ళు కూడా అడిగి చూడవచ్చు.

అది చదివేటప్పుడు ఒక్క ఏడాది పద్దు చూసి తీర్పు చెప్పకూడదు. పెద్ద విరాళం వచ్చిన ఏడాది సంఘం బాగా బలిసినట్టు కనపడుతుంది. ఆ డబ్బు ఖర్చయ్యే మరుసటి ఏడాది నష్టంలో ఉన్నట్టు కనపడుతుంది. రెండూ నిజం కాదు. ఐదారేళ్ళ పద్దులు పక్కపక్కన పెట్టి చూడాలి. చందా పెరుగుతోందా తగ్గుతోందా, ఒకే చోటి నుంచి సగానికి మించి డబ్బు వస్తోందా, ఆపద నిధి ఎన్ని నెలలకు సరిపోతుంది అని అడగాలి.

ఒకే చోటు మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో అమెరికాలో చాలా సంఘాలకు తెలిసింది. భాష, చరిత్ర, సంస్కృతి పనులకు సాయం చేసే ప్రభుత్వ సంస్థ వెయ్యికి పైగా గ్రాంటులను మధ్యలోనే రద్దు చేసింది. ఇస్తామని కాగితం రాసిచ్చిన డబ్బే ఆగిపోయింది. మనుషులను పనిలో పెట్టుకున్న చిన్న సంఘాలకు ఆ నెల జీతం ఎట్లా ఇవ్వాలో తెలియలేదు.

యిడ్డిష్ బుక్ సెంటర్‌కు 2014లో అమెరికాలో మ్యూజియాలకు, గ్రంథాలయాలకు ఇచ్చే జాతీయ పతకం వచ్చింది. 2023లో యిడ్డిష్ జనం బతుకును చూపించే పెద్ద ప్రదర్శన తెరిచారు. 2025లో లాన్‌స్కీ బాధ్యత వదులుకున్నాడు. 45 ఏళ్ళ తరవాత పగ్గాలు సూసన్ బ్రాన్సన్ అనే ఆమె చేతికి వచ్చాయి. స్థాపించిన మనిషి ముఖం చూసి డబ్బు ఇచ్చే దాతలు ప్రతి సంఘంలోనూ కొందరు ఉంటారు. వాళ్ళు ఇక సంఘాన్ని చూసి ఇవ్వాలి.

పాత ఇళ్ళల్లోంచి పుస్తకాల పెట్టెలు ఇంకా ఆ తోటకు వస్తూనే ఉన్నాయి. ఏ పెట్టె వచ్చినా దించాలి, దుమ్ము తుడవాలి, మన దగ్గర లేని పుస్తకం ఏదైనా ఉందా అని ఒక్కొక్కటీ చూడాలి. ఆ పని చేసే మనిషికి నెల తిరిగేసరికి జీతం ఇవ్వాలి.